పెంచినవాడి ఫోన్ నంబరు

ధర పెరిగిందంటే చాలు, వెంకటశేషమ్మకు ఆ పెంచినవాడితో మాట్లాడాలి. ఉల్లిపాయలైనా, బస్సు టిక్కెట్టైనా, "ఎవుడు పెంచినాడు? వాడి ఫోన్ నంబరియ్యి" అంటుంది. ముత్తుకూరులో ఫ్యాన్సీ షాపు పెట్టుకున్న పాపానికి పెంచలకృష్ణ ప్రతి శుక్రవారం ఆ మాట పడుతున్నాడు.

శేషమ్మకు ప్లాస్టిక్ వైరుతో బుట్టలల్లే పిచ్చి. తోటపల్లి గూడూరు నుంచి పనిగట్టుకుని వచ్చి వైరు కొంటుంది. రెండు నెలలుగా నారింజ రంగు కావాలంటోంది. ఆ రంగే రావడం లేదు.

"మద్రాసు నించి సరుకు రాలేదక్కా. నీలం తీసుకో, మూటలు మూటలుండాది."

"నీలం నువ్వే మెళ్లో ఏసుకో. మీ రేవుకు అన్ని ఓడలొస్తుండాయే, ఒక్క వైరు కట్ట ఎక్కించుకోలేకపోయినారా?"

ఆ ఓడలన్నీ తనే నడుపుతున్నట్టు పెంచలకృష్ణ తలదించుకున్నాడు.

పోయిన శుక్రవారం ఇంకో కబురు చెప్పాల్సొచ్చింది. నలభై రూపాయల కట్ట ఎనభై అయింది, అయినా దొరకడం లేదు.

"పెంచలకోన సామి పేరు పెట్టుకున్నావే, ఆ సామి ఎప్పుడన్నా ధర పెంచినాడా? నువ్వు పెంచలకృష్ణవి కాదు, పెంచేకృష్ణవి."

బజారంతా నవ్వింది. పెంచలకృష్ణకు ఒళ్లు మండింది. అల్లి అమ్ముకుంటుందా అంటే అదీ లేదు, ఊసుపోక అల్లే బుట్టకు ఇంత రాద్ధాంతమా? ఇక ఆ రంగు తెప్పించేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు.

సోమవారం చేపలమ్మే కామమ్మ షాపు ముందు ఆగింది. చేతిలో నారింజ బుట్ట, పిగిలిపోయి వలతాడుతో కట్టుంది.

"శేషమ్మక్క వైరు వచ్చినాదా అబ్బయా?"

"ఆమెకు ఇంకో రంగే పనికిరాదా?"

"రంగు నా కోసరం. కళ్లల్లో పొరలు, ఆపరేషనుకు ఇంకా మూడు నెల్లాగమన్నారు. బస్టాండులో బుట్టలన్నీ ఒక్కచోట పెడతాం, అందరివీ నీలమే. ఈ రంగైతేనే నాకు ఆనతాది. ఇది తెగిపోయినాక మొన్న ఒకామె బుట్ట నాదనుకుని ఎత్తుకున్న్యా. దొంగంటే దొంగన్నారు. మళ్లీ ఇట్టా జరిగితే నన్ను చేపల రేవులోకి రానీరు."

పెంచలకృష్ణకు సిగ్గేసింది. వెంటనే కోపమూ వచ్చింది, ఈసారి వేరేవాళ్ల మీద. మధ్యాహ్నమే నెల్లూరు హోల్‌సేల్ కొట్టుకెళ్లాడు.

"సరుకు లేదు. ఉన్నా ఎనభై. పైనుంచి పెంచారు."

"ఎవుడు పెంచినాడు? వాడి ఫోన్ నంబరియ్యి."

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని పెంచలకృష్ణే నమ్మలేకపోయాడు. గంటసేపు అదే అడిగాడు. పోరు పడలేక కొట్టువాడు లోపల దాచిన రెండు కట్టలు తెచ్చి పడేశాడు. ధర మాత్రం తగ్గించలేదు.

శుక్రవారం శేషమ్మ వచ్చింది.

"నలభయ్యే అక్కా, పాత ధర."

"పోయిన వారం ఎనభై, ఈ వారం నలభయ్యా? అంటే పోయినసారి నన్ను దోచుకోవాలని చూసినావన్నమాట."

అరగంట తిట్టింది. కామమ్మ వచ్చిన సంగతి చెబితే ఇంకో అరగంట తిడుతుందని, అది దాచుకుని రెండు కట్టలూ ఆమె ముందు పెట్టాడు. శేషమ్మ వాటిని సంచిలో వేసుకుని, మెట్లు దిగి, మళ్లీ వెనక్కొచ్చింది.

"కామమ్మ అంతా చెప్పినాదిలే. వస్తా, దించలకృష్ణా."