నీళ్లు లేని రోజున నేను తెచ్చిన వరద

ఆసుపత్రి అంతా కలిసి నీళ్లు లేని రోజుకి సిద్ధమవుతుంటే, దాన్ని వరద సహాయ కార్యక్రమంగా మార్చేసిన ఘనత నాది. బాబు పడుకున్నాడు, వాళ్ల నాన్న గురక మొదలుపెట్టాడు. ఇక వినేవాళ్లు మీరే. నవ్వండి, ఫరవాలేదు.

మెల్‌బోర్న్‌లో బాబు నెల ముందే పుట్టాడు. వాడు కింద అంతస్తులో, పసిపిల్లల ప్రత్యేక వార్డులో. నేను పైన గదిలో. నాకు పాలు సరిగా పడలేదు, వాడికి సీసా పాలే గతి. బరువు పెరిగితేనే ఇంటికి పంపుతామన్నారు. అందుకని ఆ రోజుల్లో నా లోకం మొత్తం ఒక్క పాలసీసాలో పట్టేది.

ఒక ఉదయం నర్సు మార్గరెట్ వచ్చింది. "సుధా, ఇవాళ కాసేపు ఈ అంతస్తుకి నీళ్లు ఆపుతాం. నిజంగా సరఫరా ఆగిపోతే ఏం చెయ్యాలో మాకు ప్రాక్టీస్. తాగడానికి బాటిళ్లు ఇస్తాం. నువ్వు కుళాయి ముట్టుకోకుండా ఉంటే చాలు."

నాకు వినబడింది "నీళ్లు ఆపుతాం" వరకే. మాది అనంతపురం. ఆ మాట చెవిన పడితే మా ఒంట్లో రక్తం కూడా లేచి బిందెలు వెతుక్కుంటుంది.

అమ్మకి ఫోన్ చేశాను.

"అయ్యో, ఆస్ట్రేలియాలో గూడానా! ఉన్నవాటికల్లా పట్టుకో మే. ఆపినాక కొళాయి తిప్పి పెట్టు. నీళ్లొస్తే సద్దు అయితాది, తెలుస్తాది."

జగ్గు నింపాను. టీ కప్పు నింపాను. పూలకూజాలో పూలు తీసేసి నింపాను. వాంతులకని ఇచ్చిన సంచులనీ వదల్లేదు. మంచం పక్కన బేసిన్‌లో నీళ్లు పోయే కన్నానికి మూత లేకపోతే, చేతి తువ్వాలు కుక్కి దాన్నీ అంచుదాకా నింపాను. తర్వాత మా ఆయన కిరణ్‌కి ఫోన్.

"బాబు పాలెలా కలుపుతారు? సీసాలెలా మరిగిస్తారు? నీళ్ల క్యాన్లు పట్రా!"

"మీటింగ్‌లో ఉన్నానే. అది హాస్పిటల్, వాళ్లు చూసుకోరా?"

"నీకేం, గోదావరి ఒడ్డున పుట్టావు!"

నీళ్లు ఆగాయి. అమ్మ చెప్పినట్టే బేసిన్ కుళాయి చివరిదాకా తిప్పి పెట్టి, బాబు దగ్గరికి వెళ్లాను. వాడు పాలు తాగి నా గుండెల మీద నిద్రపోయాడు. అలాంటప్పుడు కుళాయి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

పైన నీళ్లొచ్చాయి. సద్దు అయ్యే ఉంటుంది. వినడానికి నేను లేను, అంతే.

తిరిగొచ్చేసరికి వరండాలో నా చెప్పులు ఈదుకుంటూ ఎదురొచ్చాయి. మార్గరెట్, ఇద్దరు క్లీనర్లు దుప్పట్లతో ఆనకట్ట కడుతున్నారు. సరిగ్గా అప్పుడే లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. ట్రాలీ నిండా క్యాన్లతో మా ఆయన.

"సుధా! మన పాయింట్ కుక్ షాపుల్లో దొరికిన నీళ్లన్నీ తెచ్చేశా!"

నేను భోరుమన్నాను. "బాబు పాలకి నీళ్లు లేకపోతే ఎలాగని..."

మార్గరెట్ చేతిలో దుప్పటి పక్కన పెట్టి, తడి చేత్తోనే నన్ను దగ్గరికి తీసుకుంది.

"వాడి పాలు ముందే కలిపి సీలు వేసిన సీసాల్లోనే వస్తాయమ్మా. చుక్క నీళ్లు అక్కర్లేదు. ఆ సీసాలు కడగం కూడా, పారేస్తాం. ఒక్క మాట అడిగి ఉండాల్సింది." ఇక ఆపుకోలేక నవ్వేసింది. "నీళ్లు లేకపోతే ఏం చెయ్యాలో మొత్తం ఆలోచించుకున్నాం. నీలాంటి తల్లి ఉంటే ఏం చెయ్యాలో ఆలోచించలేదు."

కాబట్టి, నిద్రపోతున్న నా బిడ్డ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నీళ్లు ఆపుతామని ఇకపై ఎవరన్నా సరే, కుళాయి జోలికి పోను. వాణ్ణి ఎత్తుకుని కదలకుండా కూర్చుంటాను. కుళాయి తిప్పే పని కిరణ్ చూసుకుంటాడు.