తలుపమ్మ వేసిన తలుపు

శాసనసభకి నాలుగు తలుపులు. మూడింటి సంగతి ఎవరికీ పట్టదు. లాబీ, టీ గది, ఫోన్లు మాట్లాడుకునే పొడుగాటి వసారా అన్నీ నాలుగో తలుపు వైపే ఉన్నాయి కాబట్టి సభ్యులంతా అందులోంచే వస్తారు, అందులోంచే పోతారు. ఆ తలుపు దగ్గర పదిహేడేళ్ళుగా నిలబడి ఉన్న మనిషిని మంత్రుల దగ్గర్నుంచి టీ కప్పులు కడిగే ఆవిడ దాకా అందరూ తలుపమ్మ అనే పిలుస్తారు. ఆమెకి అసలు పేరు లేక కాదు. హాజరు పట్టీలో తప్ప దానితో ఎవరికీ పని పడలేదు, అంతే.

పదిహేడేళ్ళంటే పర్మినెంటు ఉద్యోగం అనుకునేరు. అంత అదృష్టమా! సమావేశాలు మొదలైతే పిలుపు, ముగిస్తే ఇంటికి. మళ్ళీ పిలిచేదాకా ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే. భర్త దర్జీ. మంచి పనివాడు, అంతకంటే మంచి కబుర్లరాయుడు. కానీ రెండేళ్ళుగా ఆయన కళ్ళు మసకబారి, సూదిలో దారం ఎక్కించాలన్నా పెళ్ళాన్ని కేకేయాల్సి వస్తోంది. ఖాతాదార్లు ఒక్కొక్కరే, మొహమాటపడుతూనే, పక్క వీధి దుకాణానికి మళ్ళారు. అలా ఇంటి బరువంతా వచ్చి ఆ తలుపు మీద పడింది.

ఇంతకీ ఆ తలుపు పనేమిటో చెప్పాలి కదా. సభలో ఓట్లు లెక్కపెట్టాల్సి వస్తే ముందు గంట కొడతారు. భవనమంతా దద్దరిల్లేలా మూడు నిమిషాలు మోగుతుంది. ఏ మూల ఉన్న సభ్యుడైనా ఆలోగా వచ్చి తన చోట కూర్చోవాలి. గంట ఆగిందా, తలుపులకి తాళం. లెక్క తేలేదాకా లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. పుస్తకంలో ఉన్న పద్ధతి ఇది. వాడుకలో ఉన్నది వేరు. ఇన్నేళ్ళూ రెండు పెద్ద పార్టీల్లో ఏదో ఒకటి బండ మెజారిటీతో గెలిచి కూర్చునేది. ఒకరు తగ్గినా నలుగురు పెరిగినా ఫలితం మారేది కాదు. అందుకని ఎవరైనా ఆయాసపడుతూ వస్తుంటే తలుపమ్మ సందులో కాలు అడ్డం పెట్టి ఆపేది. ‘నీ కాలు చల్లగా ఉండాలమ్మా’ అని నవ్వుకుంటూ లోపలికి దూరేవాళ్ళు.

ఆ ఏడు ఎన్నికల్లో మాత్రం జనం ఏమనుకున్నారో ఏమో, రెండు పెద్ద పార్టీలకీ చెరి నలభై ఆరు సీట్లిచ్చి, మిగిలిన తొమ్మిదీ మూడో పార్టీ చేతిలో పెట్టారు. నిన్నటిదాకా ఆ పార్టీకి వెనక బెంచీ, మాట్లాడటానికి రెండు నిమిషాలు. ఇప్పుడు వాళ్ళు ఊఁ అంటే ప్రభుత్వం ఉంటుంది, ఊహూఁ అంటే పోతుంది. ఊఁ అన్నందుకు వాళ్ళలో ఒకావిడ స్పీకరయింది. మిగతా ఎనిమిదిమందికీ పెద్దదిక్కు మాస్టారు. ఒకప్పుడు బడిపంతులు. అరిగిపోయిన మోకాలు, చేతికర్ర, ఒంట్లో చక్కెర జబ్బు. మంత్రులంతటివాళ్ళు ఆయన బెంచీ దగ్గరికి వచ్చి వంగి మాట్లాడుతుంటే, మాస్టారు హోంవర్కు దిద్దుతున్నట్టు కళ్ళజోడు పైనుంచి చూసేవారు.

మొదటి వారంలోనే తలుపమ్మ కొంప మునిగింది. ఓటింగుకి గంట ఆగింది. అధికార పార్టీ సభ్యుడొకాయన వసారాలోంచి పరిగెత్తుకొస్తున్నాడు. పదిహేడేళ్ళ అలవాటు, ఊరుకుంటుందా? కాలు దానంతటదే ముందుకెళ్ళింది. ఆయన లోపలికొచ్చి కూర్చున్నాడు, ఆ పూట ఆయన పక్షంలో చాలామంది రాకపోవడంతో తీర్మానం సరిగ్గా ఒక్క ఓటుతో గెలిచింది. ప్రతిపక్ష నాయకుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతెత్తితే మైకు అక్కర్లేని మనిషి ఆయన. తలుపుకి ఎదురుగా ఉన్న తన సీట్లోంచి లేచి, గంట ఆగాక మనిషి వచ్చాడని సభంతా హోరెత్తించేశాడు. ఆ ఓటింగు రద్దయింది.

సాయంత్రం స్పీకరు గదిలో తలుపమ్మని నిలబెట్టారు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పేసింది: కాలు పెట్టాను, ఎప్పుడూ పెడతాను, తప్పే. భద్రత చూసే పెద్దాఫీసరు రేపటినుంచి రావద్దనబోయాడు. అక్కడే ఓ మూల కూర్చున్న మాస్టారు అడ్డుపడ్డారు. ఆ తలుపుని ఇన్నేళ్ళూ ఆటవస్తువుని చేసింది సభ్యులేననీ, శిక్ష మాత్రం ఈమెకా అనీ నిలదీసి, స్పీకరుని ఒప్పించారు. తలుపమ్మకి ఆయన నెత్తిన పాలు పోసినట్టయింది. బయటికొచ్చాక ఆయన ముందు నిలబడింది.

“ఇక మీదట గంట ఆగితే ఎవరొచ్చినా తలుపు తియ్యనండి. మీ మీద ఒట్టు.”

“నా మీద ఎందుకమ్మా ఒట్టు? నాకసలే ఒంట్లో బాగుండదు,” అన్నారు మాస్టారు.

ఇంకో నెలకి అసలు పిడుగు పడింది. ఈ సమావేశాలు అయిపోగానే కాంట్రాక్టు పనివాళ్ళందర్నీ మాన్పించి, పనంతా ఒక ఏజెన్సీకి అప్పగిస్తారని ఆఫీసులో కాగితం అంటించారు. ఏజెన్సీకి కావలసింది ముప్పై ఏళ్ళలోపువాళ్ళు. తలుపమ్మకి యాభై రెండు. దానికి విరుగుడుగా మాస్టారు బిల్లొకటి తయారుచేశారు: ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా పదిహేనేళ్ళు పనిచేసినవాళ్ళని పర్మినెంటు చెయ్యాలి. ప్రభుత్వానికి మా మద్దతు కావాలంటే ఇది సభకి రావాల్సిందేనని భీష్మించుకు కూర్చున్నారు. సభకి వచ్చింది. ప్రతిపక్షం మొత్తం వ్యతిరేకం. అధికార పార్టీలోనూ ఏడుగురికి ఇష్టం లేదు. ఇష్టం లేదని చెప్పే ధైర్యమూ లేదు. అందుకని ఆ ఏడుగురికీ సరిగ్గా ఆ వారమే ఒంట్లో బాగోలేదు. వాళ్ళు పోగా లెక్క వేస్తే బిల్లుకి అనుకూలంగా నలభై ఏడు, వ్యతిరేకంగా నలభై ఆరు. ఉన్నదల్లా ఒక్క ఓటు తేడా.

ఓటింగు రోజు పొద్దున భర్త ఆవిడ యూనిఫారానికి ఊడిన గుండీని తడుముకుంటూ కుట్టి ఇచ్చాడు. ఆయన ఎడతెగని కబుర్లు ఆ పూట లేవు.

మధ్యాహ్నం చర్చ ముగిసే ముందు మాస్టారికి చెమటలు పట్టాయి. చక్కెర పడిపోతున్నట్టుందని, ఏదైనా తీపి నోట్లో వేసుకోవడానికి టీ గదికి వెళ్ళారు. ఇంకా పావుగంట సాగుతుందనుకున్న చర్చ ఒక్కసారిగా తెగింది. గంట మొదలైంది. లాబీలోవాళ్ళంతా బిలబిలమంటూ వచ్చేశారు. తలుపమ్మ తలుపు అద్దంలోంచి వసారా చివరికి చూసింది. రెండో నిమిషంలో మాస్టారు టీ గది గుమ్మంలో కనపడ్డారు. ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి గోడ మీద. ఆ వసారా పొడుగు అంతకుముందు ఆవిడకెప్పుడూ తెలియలేదు.

రండి మాస్టారూ, ఇంకొంచెం, ఇంకొంచెం అని లోపల్లోపల గింజుకుంటోంది. కేకేసి తొందరపెడదామంటే పడిపోతారేమోనని భయం. ఆయన ఇంకా పదడుగుల దూరంలో ఉండగా గంట ఆగింది. కాలు కాస్త ముందుకి పెడితే చాలు. ఇంటి దీపం నిలుస్తుంది, తనని కాపాడిన మనిషి మాట గెలుస్తుంది. ఆవిడ కాలిని నేలకి అదిమిపెట్టుకుని తలుపు మూసింది. గడియ వేసి, తాళం తిప్పింది. బయట మాస్టారు వచ్చి అద్దం మీద అరచెయ్యి ఆనించారు. తలుపమ్మ చూపు తిప్పుకోలేకపోయింది. ఎదురు సీట్లోంచి ప్రతిపక్ష నాయకుడు కూడా ఇటే చూస్తున్నాడు.

నలభై ఆరూ నలభై ఆరూ. సమానమైతే స్పీకరు ఓటు వెయ్యాలి. బిల్లు ఆవిడ పార్టీదే, కానీ తూకం సమానమైనప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ళు ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం సభ ఆనవాయితీ. ఆవిడ కళ్ళు దించుకుని ఆ ప్రకారమే వేసింది. బిల్లు వీగిపోయింది.

తలుపు తీసేసరికి మాస్టారు నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. తలుపమ్మ ఆయన పక్కనే కూలబడి ఏడ్చేసింది. ఆయన భుజం తట్టారు.

“ముప్పై ఏళ్ళు బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గేటు బయట నిలబెట్టానమ్మా. బయట ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది,” అన్నారు. అని, లేవబోయి లేవలేక పక్కకి ఒరిగిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణానికి భయం లేదు గానీ పది రోజులు మంచం దిగకూడదన్నారు.

ఇంటికెళ్ళి భర్తకి చెప్పడమే ఆవిడకి అన్నిటికంటే కష్టమైంది. తిడతాడనుకుంది. ఆయన చాలాసేపు కత్తెర అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

“నేనైతే తీసేసేవాణ్ణి,” అన్నాడు చివరికి. “అందుకే నన్నెవరూ ఆ పనికి పిలవలేదు.” కత్తెర పక్కన పెట్టి, “భయంగా ఉందే,” అన్నాడు. ఆవిడకీ భయంగానే ఉంది. కానీ ఆ మనిషి ఒక్క నిష్ఠూరం ఆడనందుకు ఆవిడ మనసు ఎంత తేలికపడిందో చెప్పలేం. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదని తర్వాత తనే చెప్పుకుంది.

మర్నాడు సభలో మూడో పార్టీవాళ్ళు బిల్లుని మళ్ళీ తేవడానికి అనుమతి అడిగారు. వీగిపోయిన బిల్లు అవే సమావేశాల్లో మళ్ళీ రావాలంటే సభలో ఒక్కరు కూడా కాదనకూడదు. అందరూ ప్రతిపక్షం వైపు చూశారు. నాయకుడు లేచాడు. ఆ రోజు ఆయన గొంతు పెద్దది చెయ్యలేదు.

“ఈ బిల్లు మాకు నచ్చదు. మళ్ళీ వ్యతిరేకంగానే ఓటు వేస్తాం. కానీ మోకాలి నొప్పివల్ల ఓడింది ఓడినట్టు కాదు. తెచ్చుకోండి.” కూర్చుంటూ ఒకసారి వెనక్కి తిరిగి తనవాళ్ళని చూశాడు. ఎవరూ నోరు మెదపలేదు.

ఓటింగు సమావేశాల ఆఖరి రోజుకి పెట్టారు. తలుపమ్మకి పెద్ద ఆశేం లేదు. మాస్టారు ఆసుపత్రి మంచం మీదున్నారు, ఆ ఏడుగురికీ ఇంకా ఒంట్లో బాగుపడలేదు. మళ్ళీ సమానం అవుతుంది, మళ్ళీ పోతుంది. సాయంత్రం తాళంచెవి అప్పగించాలి కదా అని పొద్దున్నే దాన్ని గుడ్డతో తుడిచి పెట్టుకుంది.

గంట మొదలైంది. అందరూ లోపలికి వస్తున్నారు. ఆ వస్తున్నవాళ్ళని తప్పించుకుంటూ ఒక మనిషి ఎదురు నడిచి బయటికొచ్చాడు. ప్రతిపక్ష నాయకుడు. చంకలో కాగితాల కట్ట. నేరుగా వెళ్ళి వసారాలో తలుపు పక్కన వేసిన తలుపమ్మ స్టూలు మీద కూర్చున్నాడు. ఈయనకేమైనా మతిపోయిందా అనుకుంది తలుపమ్మ.

“అయ్యా, ఓటింగు గంటండి. నిమిషం కూడా లేదు.”

“వినపడుతోందమ్మా.”

“మరి లోపలికి రండి. తలుపు వేసేస్తానండి. మీకైనా సరే తియ్యను.”

“తియ్యవని తెలిసే ఇక్కడ కూర్చున్నాను,” అన్నాడాయన కళ్ళజోడు సవరించుకుంటూ. “మాస్టారు మంచం మీదుండగా నేను లోపలుండి ఓటు వెయ్యడం మర్యాద కాదు. ఆయనకి జతగా నేనిక్కడ ఉంటాను. నీ పని నువ్వు చూసుకో తల్లీ.”

జత అనేది సభలో పాతకాలపు పద్ధతి. ఒక పక్క మనిషి జబ్బుపడి రాలేకపోతే, అవతలి పక్క మనిషి ఒకరు తానుగా బయట ఉండిపోవడం. ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, ఎవరూ బలవంతపెట్టలేరు. బండ మెజారిటీల రోజుల్లో దాన్ని అందరూ మర్చిపోయారు. తలుపమ్మ కూడా విన్నదే గానీ చూడలేదు.

గంట ఆగింది. ఆవిడ తలుపు మూసింది. తాళం తిప్పింది. లోపల లెక్క మొదలైంది. అనుకూలం నలభై ఆరు. వ్యతిరేకం నలభై అయిదు. స్పీకరు ఆ అంకెలు రెండుసార్లు చదివింది. బల్లల మీద చరుపులు మోగాయి. తలుపమ్మకి కాసేపు ఏమీ వినపడలేదు. ఇల్లు నిలబడింది. భర్తకి కంటి ఆపరేషను చేయించుకోవచ్చు. ఇక ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఇవన్నీ ఒక్కసారే తలలో గిర్రున తిరిగాయి.

తలుపు తీసింది. నాయకుడు కాగితాల్లోంచి తలెత్తాడు.

“ఎన్ని ఓట్ల తేడా?” అన్నాడాయన.

“ఒక్కటండి.”

ఆయన తలూపి, లేచి, దులుపుకుని లోపలికి నడిచాడు. తర్వాతి అంశం మీద ప్రభుత్వాన్ని చీల్చి చెండాడుతున్న ఆ గొంతు రెండు నిమిషాల్లో వసారా చివరిదాకా వినపడింది. ఆ రోజు ఆ అరుపులు తలుపమ్మ చెవికి ఎంత హాయిగా ఉన్నాయో. నిన్నటిదాకా ఆ మనిషంటే హడలిపోయినందుకు సిగ్గుపడింది. ఆయన చల్లగా ఉండాలని మనసారా అనుకుంది.

డ్యూటీ దిగగానే యూనిఫారంతోనే బస్సెక్కి, దారిలో భర్తని ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్ళింది. మాస్టారు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఓటు లెక్క అప్పటికే ఎవరో ఫోన్లో చెప్పారట. ఎలా గెలిచిందో మాత్రం చెప్పలేదు. ప్రతిపక్షంలో ఎవరో కునుకు తీసుంటారని ఆయన నవ్వుతున్నారు. తలుపమ్మ స్టూలు మీద ఎవరు కూర్చున్నారో, ఏమన్నారో ఒక్క మాటా వదలకుండా చెప్పింది. వింటూ వింటూ మాస్టారు నవ్వడం మానేశారు. కళ్ళజోడు తీసి దుప్పటి అంచుతో తుడుచుకున్నారు.

“ఇరవై ఏళ్ళుగా ఆయనతో పోట్లాడుతున్నానమ్మా,” అన్నారు. “రోజూ పొద్దున్నే, ఆయన్నెలా ఓడించాలా అనే లేస్తాను. ఆయన గురించి నాకు ఏమీ తెలియలేదు చూడు.”

మాస్టారు ఫోను అందుకుని, ప్రతిపక్ష నాయకుడి నంబరు వెతికి నొక్కమని తలుపమ్మ చేతికే ఇచ్చారు.