ఐలవ్వ తొడగని గాజులు

ఐలవ్వ మొగుడు లింబాద్రి దుబాయ్‌లో, సోనాపూర్ కూలీల క్యాంపులో కరోనాతో పోయాడు. శవం కూడా ఊరికి రాలేదు. గాజులు పగలగొట్టించుకుని, బొట్టు చెరిపించుకుని, పిల్లల్ని తల్లి దగ్గర వదిలి, రెండేళ్లకు తను కూడా అదే దుబాయ్ దారి పట్టింది. మొగుణ్ణి మింగిన చోటే అన్నం వెతుక్కోవాల్సి రావడం కంటే దరిద్రం ఇంకేముంటుంది?

దుబాయ్ పక్కనే షార్జాలో, రోలా అనే పేటలో ఇరుకు గది. పక్క మంచం దయారాణిది. కాకినాడ మనిషి, ఆసుపత్రిలో ఆయా. మొదటి రోజే చెప్పింది. "మొగుడు లేడని తెలిస్తే ఈ బిల్డింగులో నిన్ను ప్రశాంతంగా ఉండనివ్వరక్కా. బొట్టెట్టుకో. ఆయన దూరంగా ఫుజైరా ఊళ్లో పనిచేస్తున్నాడని చెప్పు."

ఐలవ్వకు మనసొప్పలేదు. అయినా పెట్టుకుంది. మెట్టెలూ, నల్లపూసల దండా వచ్చాయి. ఫుజైరా మొగుడు మంచి మొగుడు. తాగడు, కొట్టడు, అసలు రానే రాడు.

ఆ బొట్టుతోనే ఉమాదేవి ఇంట్లో వంటపని దొరికింది. కరీంనగర్ వాళ్లు, మంచివాళ్లే. కూతురు లావణ్యకు రెండుసార్లు కడుపు పోయి, మూడోసారి నిలబడింది. ఏడో నెలలో శ్రీమంతం పెట్టారు. ఐదుగురు ముత్తైదువలు గాజులు తొడగాలి. నలుగురే వచ్చారు.

ఉమాదేవి వంటింట్లోకి తొంగిచూసింది. "ఐలవ్వా, చేతులు కడుక్కొని రా. నువ్వు తొడుగు."

ఐలవ్వ చేతులు కడుక్కొని హాల్లోకి వచ్చింది. తొడిగేస్తే ఎవరికీ తెలియదు, పని నిలబడుతుంది. కానీ ఆ పిల్ల కడుపుకు ఏమన్నా అయితే?

"నేను తొడగొద్దమ్మా. నా పెనిమిటి లేడు, సచ్చిపోయిండు. మీకు అబద్ధం చెప్పిన."

ఉమాదేవి ముఖం మాడిపోయింది. లావణ్య మాత్రం చెయ్యి చాపింది. "నాకట్లాంటి పట్టింపుల్లేవు. తొడుగు ఐలవ్వా."

ఐలవ్వ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకున్నయి బిడ్డా."

మర్నాటి నుంచి రావద్దని ఉమాదేవి ఫోన్ చేసింది. అబద్ధమాడిన మనిషిని ఇంట్లో ఎలా పెట్టుకుంటామంది. నిజం చెప్పినందుకు పోయిన పని అది, ఇదెక్కడి న్యాయమో! చాలా రోజులు ఖాళీగా తిరిగి, చివరికి ఒక బడిలో మరుగుదొడ్లు కడిగే పనికి కుదిరింది.

చలికాలంలో లావణ్య ఫోన్ చేసింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఐలవ్వ ముఖం వెలిగిపోయింది. పరుగున వెళ్లి దయారాణికి చెప్పింది.

"నేను ముట్టలే చెల్లె, గందుకే మంచిగైంది."

దయారాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషపు కబురు చెబితే ఈ పిల్ల ఎందుకు ఏడుస్తోందో ఐలవ్వకు అర్థం కాలేదు.