పూజకు కూర్చోని పానా

మా నాన్న భిలాయి ఉక్కు కార్ఖానాలో ఫోర్‌మన్. బదిలీ మీద వెళ్లిపోతున్న ఓ ఆఫీసరు దగ్గర ఆయన కొన్న ముసలి కారుకి మా ఇంట్లో పిల్లలకంటే ఎక్కువ గారాబం. ఎండలు ముదరకముందే రేడియేటరు కడిగేవాడు. వానలకు ముందు వైపర్ల రబ్బర్లు మార్చేవాడు. వానలు తగ్గుముఖం పట్టాక చక్రాలు విప్పి బ్రేకుల్లో చేరిన బురద తీసేవాడు. మాకు జ్వరమొస్తే మాత్రం "అదే తగ్గుద్ది" అనేవాడు.

ఆ బ్రేకుల పని ఏటా విశ్వకర్మ పూజ నాటికి అయిపోవాలి. పూజ రోజున మా సెక్టర్ 7లో ఎవరూ పనిముట్టు ముట్టరు. మా అమ్మ ఈ పండగను భిలాయి వచ్చాకే నేర్చుకుంది. నేర్చుకున్నాక ఊరుకుంటుందా? కత్తిపీటక్కూడా బొట్టు పెట్టి, ఆ పూట కూర తరగడం మానేసేది. మాకు ఉత్త పప్పే గతి.

ఆ ఏడు వాన తెరిపివ్వలేదు, పని వెనకబడింది. పండగ నాటికి కారు ఒక ముందు చక్రం విప్పేసి ఇటుకల మీద నిలబడి ఉంది. పానాలన్నీ కుంకుమ బొట్లతో దేవుడి ముందున్నాయి. "రేపు బిగించుకుంటాలే" అన్నాడు నాన్న.

మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. విజయనగరంలో అమ్మమ్మకి ప్రాణం మీదికొచ్చింది, వెంటనే రమ్మని. రైలు సాయంత్రం, దుర్గ్‌లో ఎక్కాలి. ఆ కుండపోతలో రిక్షా దొరికే ఆశ లేదు. నాన్న కారు వైపు చూశాడు, దేవుడి వైపు చూశాడు. రోజూ కొలిమి ముందు నిలబడే మనిషికి, ఆ ఒక్క నియమం తప్పాలంటే భయం. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది.

అమ్మ లోపలికెళ్లి, చక్రాల పానా తీసి, కళ్లకద్దుకుని ఆయన చేతిలో పెట్టింది.

"ఏటండీ అలా చూస్తన్నారు? ఆ దేవుడికి మాత్రం అమ్మ ఉండదేటి?"

తీరా ఆయన కూర్చుని బ్రేకు తుడుస్తుంటే ఆమెకి ఓపిక చాల్లేదు. గొడుగు పట్టుకుని నిలబడి ఏడుస్తూనే తిట్టింది. "చక్రం బిగించీండి, చాలు! రైలెళ్లిపోద్ది!"

"బండి కదిల్తే చాలదే. ఆగాల" అన్నాడు. తడి ఆరేదాకా తుడిచి, బ్రేకు సరిచూసుకున్నాకే చక్రం ఎక్కించాడు.

దుర్గ్ దారిలో వాన తెరలోంచి గేదెల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. నాన్న బ్రేకు తొక్కాడు. కారు పక్కకి జారకుండా ఆగింది. గార్డు విజిల్ వేస్తుండగా అమ్మ రైలెక్కింది.

అమ్మమ్మ దక్కలేదు. కానీ కూతుర్ని గుర్తుపట్టి, ఆమె చేత్తో ఓ చెంచా గంజి తాగి మరీ వెళ్లింది.

మరుసటేడు పూజకి అమ్మ పనిముట్లన్నీ కడిగి వరసగా పేర్చింది. చక్రాల పానాకీ బొట్టు పెట్టింది. దాన్ని మాత్రం వరసలో ఉంచకుండా, వానలో నడుచుకుంటూ వెళ్లి కారు డిక్కీలో పెట్టి వచ్చింది.

"ఎవరి అమ్మకి ఎప్పుడు అవసరమొస్తాదో" అంది.