మైకన్న చావని నాటకం

నాటకమన్నాక చివర్లో ఎవరో ఒకరు చావాలని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. కడపలో కొత్తగా గుమాస్తా ఉద్యోగంలో చేరాను. సాయంత్రాలు ఏం చేయాలో తోచేది కాదు. మా ఆఫీసు వెనక వీధిలో ఒక బడి గదిలో నలుగురైదుగురు చేరి నాటకాలు ఆడుకునేవాళ్ళు. మొదట గడప దగ్గర నిలబడి చూశాను, తర్వాత లోపలికి పోయి బెంచీ మీద కూర్చున్నాను, కొన్నాళ్ళకు "నేనొకటి రాస్తాను" అన్నాను. నేను రాసిన మాట ఇంకొక మనిషి నోట్లోంచి వస్తే ఎట్లా ఉంటుందో వినాలని మహా కుతూహలం. (ఇంట్లో నా మాట ఎవరూ వినకపోవడమే దీనికి కారణమని మా అక్క అనేది.)

నా నాటకంలో ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు. ఇల్లు పంచమని కొడుకులంటారు, వద్దని తండ్రి అంటాడు, రెండో అంకంలో గుండె పట్టుకుని పడిపోతాడు. పడిపోయాక కూడా చాలాసేపు మాట్లాడతాడు. ధర్మం గురించీ, నెత్తురు గురించీ నాకు తెలిసిందంతా ఆ మాటల్లో కుక్కాను. తండ్రి వేషం మైకన్నకు అనుకున్నాం. ఆయన బండలు కోసే మిషన్ల దగ్గర పనిచేస్తాడు. ఆ హోరు మీద అరిచీ అరిచీ గొంతు ఎంత పెరిగిందంటే, స్టేజీ మీద మైకు పెట్టాల్సిన పనే లేదు. అందుకే ఆ పేరు. నేను చదువుతుంటే ఆయన కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు. చివరికి తలూపి, "శానా బాగుండాదప్పా. కానీ నేను సచ్చేదానికి లేదు" అన్నాడు.

"ఎందుకన్నా?"

"మాయమ్మ ఒప్పుకోదు."

నేను నవ్వాను. మిగతావాళ్ళెవరూ నవ్వలేదు. ఇదివరకు ఆడిన ఏ నాటకంలోనూ మైకన్న చావలేదని అప్పుడు చెప్పారు. వేషం ఇంకొకరికి ఇద్దామంటే ఆ గొంతు ఇంకొకరికి లేదు. సరే, ఆ తల్లినే అడుగుదామని ఆదివారం వాళ్ళింటికి పోయాను. అడగాలని కొంత, అసలు విషయమేమిటో తెలుసుకోవాలని చాలా.

పెద్దమ్మ వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. నేను కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "వాని కాలు విరగ్గొట్టు నాయనా, నేనేమనను. జైలుకు పంపు. పిచ్చి పట్టినట్టు రాయి. సావు మాత్రం వద్దు" అంది.

"అది ఉత్తుత్తి చావే కదా పెద్దమ్మా."

"వాళ్ళ నాయనా ముందు ఉత్తుత్తిగానే సచ్చినాడు" అని చేతిలో కాయ పక్కన పెట్టింది. "మా ఊర్లో నాటకం. బాణం తగిలి పడిపోతే జనమంతా ఒన్స్ మోరు, ఒన్స్ మోరు అని ఒకటే ఈలలు. లేచి, పద్యం మళ్ళా పాడి మళ్ళా సచ్చినాడు. నేను కొత్త పెండ్లికూతురును, ఏడవాల్నో నవ్వాల్నో తెలీలే. అదయినంక రెండేండ్లకు జెరమొచ్చి నిజంగానే పోయినాడు. దానికి ఒన్స్ మోరు లేదు."

నేను కూడా ఒక కాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆమే తేరుకుని, చావు బదులు ఒక పెళ్ళి పెట్టమనీ, తన కొడుక్కి చారల చొక్కా బాగుంటుందనీ సలహాలిచ్చింది. (అరవై ఏళ్ళ తండ్రికి పెళ్ళేమిటని అడిగే ధైర్యం నాకు లేదు.) అప్పుడు గమనించాను. మైకన్న పొద్దున చెప్పకుండా బయటికి పోయాడట, ఫోను ఇంట్లోనే మర్చిపోయాడట. ఆమె నాతో మాట్లాడుతున్నా చెవి మాత్రం సందులోనే ఉంది. బండి చప్పుడైతే చాలు, మాట సగంలో ఆగిపోతుంది. బండి దాటిపోయాక మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకుంటుంది. చూస్తూ చూస్తూ నేనూ ఆగడం మొదలుపెట్టాను. ఆయన వచ్చేదాకా ఇద్దరం అట్లాగే ఆగుతూ మాట్లాడుకున్నాం.

ఆ వారమంతా కూర్చుని రెండో అంకం తిరగరాశాను. తండ్రి చావడు. చెప్పకుండా ఎటో పోతాడు. కొడుకులు గదులు పంచుకుంటూనే ఉంటారు, కానీ బయట ఏ చప్పుడైనా మాట ఆపేస్తారు. రాస్తుంటే నా ఒళ్ళు నాకే జలదరించింది. మైకన్న మాత్రం విని మొహం మాడ్చుకున్నాడు.

"రెండో అంకమంతా నేను లేనా?"

"అంతా నీ గురించే కదన్నా."

"నా గురించయితే ఏం లాభమప్పా, నేనుండాల గదా."

మర్నాడు పెద్దమ్మ కూడా కబురు పెట్టింది: "సంపొద్దంటే ఇంట్లోంచే తరిమినాడంట. నాటకం నా కండ్లతో సూస్తా, వస్తాండానని చెప్పు." చేసేది లేక చివర్లో తండ్రిని వెనక్కి రప్పించి, ధర్మం, నెత్తురు కలిసిన అరపేజీ ఉపన్యాసం ఆయన నోట్లో పెట్టాను.

మేం పేరిచ్చిన నాటక పోటీల రోజు సాయంత్రం పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. మొదటి అంకం బాగానే గడిచింది. రెండో అంకంలో ఆమె స్టేజీని చూడడం మానేసి పక్క తెరల వైపే చూస్తోంది. చివరికి మైకన్న వచ్చాడు. ఉపన్యాసం కోసం గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. నోరు తెరిచేలోపు కిందినుంచి ఆమె గొంతు వినిపించింది.

"యాడికి పోయినావురా ఇంతసేపు? చెప్పి పోవల్లని తెలీదా?"

హాలంతా గొల్లుమంది. నేను పక్క తెర వెనక కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మైకన్న ఆమె వైపు తిరిగి ఉన్నాడు. తెల్లజుట్టు, కర్ర, వంగిన నడుము అన్నీ అట్లాగే ఉన్నాయి, మొహం మాత్రం బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లవాడిది. "ఈడనేమ్మా... ఊరికే అట్లా పోయింటి" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. ఉపన్యాసం మొత్తం మర్చిపోయినట్టున్నాడు, గడప మీద కూర్చుండిపోయాడు. ఏం చేయాలో తోచక కొడుకుల వేషాల్లో ఉన్న ఇద్దరూ చెరో పక్కన కూర్చున్నారు. నవ్వులు ఆగిపోయాయి. తెర దించాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు, ఆ తర్వాత చప్పట్లు మొదలయ్యాయి.

మాకు రెండో బహుమతి వచ్చింది. ప్రేక్షకుల మధ్య ఒక పాత్రను కూర్చోబెట్టే ప్రయోగం మీకెట్లా తట్టిందని న్యాయనిర్ణేత అడిగితే, నేను వినయంగా తల దించుకున్నాను. (వినయం కాదు, నవ్వు ఆపుకోవడం.) బయట పెద్దమ్మను ఎట్లా ఉందని అడిగాను. "ఏం సూసినా నాయనా, అంతసేపు వాడు కనపడకపోతే నాకేమీ తలకెక్కలే" అంది.

ఆ తర్వాత నంద్యాలలో ఆడమని పిలిచారు. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పి, రాలేనంది. ఆమె మాటను నేనే కాగితం మీద రాసి, అనుభవమున్న ఒక నటికిచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాం. ఆమె ఒక్క అక్షరం తప్పకుండా చెప్పింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మౌనంగానూ లేరు. వెనక వరసలో ఎవరో, "ఏమ్మా, గమ్మునుండు, నాటకం జరుగుతాంది" అన్నారు.

ఇప్పుడు కుర్రాళ్ళు వచ్చి నాటకమెట్లా రాయాలని అడుగుతుంటారు. సన్నివేశం గురించీ, సంఘర్షణ గురించీ గంభీరంగా ఏదో చెబుతుంటాను గానీ, లోపల మాత్రం నంద్యాల నుంచి తిరిగొచ్చే బస్సులో ఆనాటి గుమాస్తా కుర్రాడు కనిపిస్తుంటాడు. కాగితం తొడ మీద పెట్టుకుని, ఆ తల్లి మాటలో ఏం తక్కువైందో తెలియక ఒక పదం కొట్టేసి, ఇంకొకటి రాసి, మళ్ళీ మొదటిదే రాస్తున్నాడు. పక్క సీట్లో కూర్చుని, ఇక చాలు, కాస్త కునుకు తియ్యి నాయనా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు.