మగ్గం గుంట మన్ను

దయ్యాల మీద, సర్కారు కొలువు మీద నాకున్న అభిప్రాయం ఒకటే. ఉంటే ఉండవచ్చు, నాకు మాత్రం ఎదురుపడలేదు. బీఎస్సీ చదివినవాణ్ణి. కిరాయి తక్కువని శ్మశానం పక్కనే ఏళ్ల తరబడి ఉన్నాను. ఆ ఇరుగుపొరుగు ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు.

తొంభైల మొదట్లో మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖాన రికార్డుల గదిలో తాత్కాలికంగా పని దొరికింది. డాక్టర్లు కేసు షీట్లలో రాసిన ప్రతి జబ్బుకూ ఒక లావు పుస్తకం చూసి నంబరు వేయాలి. కుక్కకాటుకో నంబరు, కామెర్లకో నంబరు. చివరి పేజీల్లో పని లేకపోవడానికి కూడా ఒక నంబరు కనిపించింది. డిగ్రీ అయ్యాక నన్ను పట్టుకున్న జబ్బేమిటో ఆ రోజు తెలిసింది.

ఆ నంబరు ఎవరికీ పడేది కాదు. డాక్టరు రాస్తేనే మేం వేయాలి. డాక్టర్లు కడుపునొప్పి దగ్గరే ఆగేవారు.

మా దవాఖానలో చేరిన నర్సింలు నారాయణపేటలో చీరలు నేసేవాడు. సేటు నూలు ఇవ్వడం మానేశాక మగ్గం ఆగింది. తర్వాత తిండి, నిద్ర, చివరికి రెండు కాళ్లూ ఆగాయి. మోకాళ్ల కింద స్పర్శ లేదు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. అతని షీటులో వృత్తి అన్నచోట ఖాళీగా ఉంటే, పై అంతస్తులోని వార్డుకు వెళ్లి నేనే అడిగాను.

"నేత అనే రాయి సారూ," అన్నాడు. "మగ్గం గుంట ఇంక ఉన్నది గద."

నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టి తొక్కే మగ్గం అతనిది. ఇల్లు కిరాయిది. గుంట పూడ్చి గచ్చు చేసి దుకాణానికి ఇస్తానన్న ఇంటాయన, నర్సింలు తిరిగొచ్చేదాకా ఆగుతానని మాటిచ్చాడట. గుంట ఉన్నంతకాలం తాను నేతగాడినేనని నర్సింలు ధైర్యం.

"మాట తప్పితే నా కాళ్లకు ఎరుకైతది."

భార్య లక్ష్మమ్మ మూతి తిప్పింది. "సూది గుచ్చితే ఎరుకైతలేదు, గది ఎరుకైతదట!"

కిందికొచ్చి అతని షీటులో, పని లేకపోవడానికున్న ఆ చివరి పేజీల నంబరు కూడా వేశాను. హెడ్ క్లర్కు కొట్టేశాడు.

"మందు లేనిదానికి నంబరెందుకయ్యా? జర నీ పని నువ్వు చెయ్యి."

కొద్దిరోజులకు, మధ్యాహ్నం భోజనాల వేళ, వేరే పనిమీద అదే వార్డులో ఉన్నాను. నర్సింలు గట్టిగా అరిచాడు.

"లక్ష్మీ! కాళ్ల మీద మన్ను పోస్తున్నరే! బరువైతాంది, ఆపుమను!"

లక్ష్మమ్మ దుప్పటి మీదనుంచే కాళ్లు పట్టుకుంది. మన్ను పోసేవాళ్లెవరూ లేరు. నర్సు సూదిమందు ఇచ్చాక సద్దుమణిగాడు.

కాసేపటికి ఆయా దుప్పటి తీసింది. "ఏం సారూ, గీయన మంచంల మడి దున్నుతుండా?"

మోకాళ్ల కింది నుంచి పాదాల దాకా పచ్చి ఎర్రమన్ను. అందులో రంగు నూలు ముక్కలు. నా వేళ్లతో తీసి చూశాను. దవాఖానలో చేరినప్పటి నుంచి ఆ మనిషి మంచం దిగలేదు. లక్ష్మమ్మ తెచ్చి పోసిందనుకుందామంటే, ఆమె అప్పటికే మంచం వదిలి గోడదాకా వెనక్కి జరిగింది.

మర్నాడు నారాయణపేట నుంచి లక్ష్మమ్మ తమ్ముడు బస్సులో వచ్చాడు. వరండాలో మా ఇద్దరికీ మెల్లగా చెప్పాడు.

"నిన్న అన్నం తినే యాళ్లకు ఇంటాయన గుంట పూడ్పిచ్చిండు అక్కా. బావకు జెప్పకు."

ఎవరూ చెప్పలేదు. నర్సింలూ అడగలేదు. సాయంత్రం నేను పలకరించబోతే గోడవైపు తిరిగే ఉన్నాడు.

"సారూ, పనికాడ నేత అని రాసినవు గద. కొట్టెయ్యి."

ఆ వారంలోనే పోయాడు. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. దానికి నంబరుంది, వేశాను.

మన్ను ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఎండాకాలంలోనే నా తాత్కాలికం కూడా అయిపోయింది. మళ్లీ పని కోసం తిరిగే రోజుల్లో, ఎప్పుడైనా కాళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తే, ముందు దుప్పటి ఎత్తి చూసుకునేవాణ్ణి. ఇప్పటికీ చూసుకుంటాను.