ముగింపు లేని ఆటపై విచారణ

2003 ఆగస్టులో నేను కొత్తచెరువు మండలంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. ఇది మండల రెవెన్యూ అధికారికి కింద, గ్రామస్థాయి ఉద్యోగులకు పైన ఉండే పదవి. శిస్తు వసూలు, బకాయిదారుల ఆస్తుల జప్తు, ధ్రువపత్రాలకు విచారణ, అర్జీలపై నివేదికలు మా విధులు. ఆ ఏడు విత్తనానికి సరిపడా వాన పదును కూడా రాలేదు. విత్తనపు వేరుశనగ కాయలు ఇళ్ళలో మూటల్లోనే ఉండిపోయాయి.

పన్నెండో తేదీ మంగళవారం ఒక అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. అర్జీదారు ఓబుళ్‌రెడ్డి, పేరున్న మెట్ట రైతు. బస్టాండు పక్కన షాహీనా అనే ఆమె నడిపే నెట్ సెంటరులో జూదం సాగుతోందని, తన తమ్ముడు నర్సింరెడ్డి రోజూ అక్కడ డబ్బు పోగొట్టుకుంటున్నాడని ఆరోపణ. జూదం కేసు పోలీసుల పరిధిలోనిదే అయినా, పై కార్యాలయం ద్వారా వచ్చిన అర్జీ గనుక ప్రాథమిక విచారణ మాకు అప్పగించారు. ఆరోపణ నిజమని నేను రాస్తే కంప్యూటర్లను స్వాధీనం చేసుకుంటారు, అంగడికి తాళం పడుతుంది. షాహీనా, ఆమె తల్లి ఆ అంగడి మీదే బతుకుతున్నారు. నివేదికకు గడువు గురువారం సాయంత్రం.

నియమం ప్రకారం మొదట అర్జీదారు వాంగ్మూలం తీసుకున్నాను. డబ్బు చేతులు మారడం కళ్ళారా చూశారా అని అడిగాను.

"చూసేదేముండాది సార్?" అన్నాడు ఓబుళ్‌రెడ్డి. "దుడ్లు లేకుండా ఏ నాకొడుకు కూచుంటాడు పొద్దంతా? బువ్వకు పిలిస్తే పలకడు. పేకాట కాడ గూడ ఇంతసేపు కూచోరు."

అది సాక్ష్యం కాదని, అభిప్రాయమని పక్కన రాసుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం నెట్ సెంటరుకు వెళ్ళాను. అక్కడ నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. మూడింటిపై టైపింగు, ఉత్తరాల పని జరిగేది. నాలుగోది ఫొటోల పని కోసం కొన్న మంచి యంత్రం. విదేశీ యాత్రికుడెవరో వదిలివెళ్ళిన సీడీతో ఎక్కించిన ఆట దానిలోనే ఉంది. దాని ముందు నర్సింరెడ్డి కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"జూదమా సార్!" అంది షాహీనా. "కూచున్నందుకు గంటకింత తీసుకుంటా. ఆడేదాంట్లో నాకేం వస్తాది? కావాలంటే మీరే ఆడి చూడండి."

తెలియని వస్తువుపై నివేదిక రాయడం నాకు ఇష్టం లేదు. జూదమనడానికి మూడు అంశాలు ఉండాలని నేను నిర్ణయించుకున్నాను: పందెం, ఆ పందెం తేలే ఘట్టం, మధ్యలో వాటా తీసుకునే మనిషి. వాటి కోసం వెతుకుతూ ఆటను మొదటి నుంచి పెట్టమన్నాను. నర్సింరెడ్డి నా కుడి భుజం వెనక నిలబడ్డాడు. దరఖాస్తులు టైపు చేయించుకోవడానికి వచ్చిన నలుగురైదుగురు కూడా చుట్టూ చేరారు.

కొండల మధ్య ఒక సుంకపు గేటు దగ్గర ఆట మొదలైంది. బల్ల ముందు కూర్చున్న గుమాస్తా పేరు, వృత్తి అడిగాడు. సైనికుడు, వేటగాడు, మూలికా వైద్యుడు, దొంగ అని వృత్తుల వరస ఉంది. దొంగను కూడా వృత్తిగా నమోదు చేసే కార్యాలయం నాకు కొత్త. వైద్యుడినని నమోదు చేయించుకున్నాను. గుమాస్తా గేటు ఎత్తాడు. ఆ తరువాత ఏ ఆదేశమూ రాలేదు.

"ఇప్పుడు ఎటు వెళ్ళాలి?" అని అడిగాను.

"మీ ఇష్టం సార్," అంది షాహీనా.

"చేయవలసిన పని?"

"అదీ మీ ఇష్టమే."

ఆమె ఏదో దాస్తున్నదని అనుమానించాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు అలాంటి ఉత్తర్వు ఎవరూ ఇవ్వలేదు. మౌసు తిప్పడం కూడా సరిగ్గా రాక గోడలకు గుద్దుకుంటున్నాను. "సార్, మీరు ఆకాశం చూస్తాండారు. కిందికి చూడండి," అన్నాడు నర్సింరెడ్డి.

దూరంగా ఒక కొండ కనిపిస్తోంది. అది నాటకంలో తెర మీది బొమ్మలాంటిదే అనుకున్నాను. దాని పైదాకా పోవచ్చని అతను చెబితే నమ్మక నడిచి చూశాను. కొండ దగ్గరవుతూ వచ్చింది. బండ వెనక్కి వెళితే బండకు వెనకవైపు ఉంది. కనిపించిన ప్రతిచోటికీ చేరగలగడం ఆ ఆటలో నన్ను మొట్టమొదట ఆకర్షించిన విషయం.

కొండ దిగువన ఒక ఊరు వచ్చింది. తలుపు తీసి ఉన్న ఇంట్లోకి వెళ్ళి, అక్కడున్న పెట్టె తెరిచి, ఒక వెండి గిన్నె చేతికి తీసుకున్నాను. జప్తుకు వెళ్ళినప్పుడు మేము మొదట చేసే పని అదే: పెట్టె తెరవడం, వస్తువులు నమోదు చేయడం. ఇంటామె కేక వేసింది. కావలివాడు కత్తితో వచ్చి నిలబడ్డాడు.

"ఓర్నీ, సార్‌నే పట్టుకున్యారే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అంగడంతా నవ్వులు.

"ఉరకండి సార్, ఉరకండి!" అన్నాడు నర్సింరెడ్డి. "ఆ బండల ఎనక్కి పోతే దొరకరు."

జరిమానా, జైలు, ఎదిరించడం అని మూడు మార్గాలు తెర మీద కనిపించాయి. నా దగ్గర నాణేలు లేవు. విచారణాధికారి పారిపోయాడనే మాట ఊళ్ళో పుట్టడం మంచిది కాదు. జైలుకే వెళ్ళాను.

"సొంతంగా పోయినాడప్పా జైలుకు!" అన్నాడొక ముసలాయన, దరఖాస్తు చంకలో పెట్టుకుంటూ.

పెట్టె తెరిచే ముందు ఇంటివారి అనుమతి అడగడానికి ఏ మీట నొక్కాలని షాహీనాను అడిగాను. "అడిగే బటన్ లేదు సార్. తీస్తే దొంగతనమే," అంది.

శిక్ష ముగిసి బయటికి వచ్చేసరికి ఆ దేశంలో మబ్బు కమ్మింది. వాన మొదలైంది. బల్ల మీది రెండు చిన్న స్పీకర్లలో చినుకుల చప్పుడు, తరువాత జోరువాన. నవ్వులు ఆగిపోయాయి.

"ఆడన్నా పడతాండాదే," అన్నాడు ముసలాయన.

నేను ఒక చూరు కిందికి మళ్ళాను. నర్సింరెడ్డి వంగి, "లోపలికి పోవద్దండి సార్. ఇట్లే నిలబడండి," అన్నాడు. నిలబడ్డాను.

కొంతసేపటికి నా ప్రశ్నలకు తిరిగి వచ్చాను. ఈ ఆటలో గెలుపు ఎప్పుడు తేలుతుంది?

"గెలుపేం లేదు సార్," అన్నాడు నర్సింరెడ్డి. "పోతా ఉండడమే."

"మీరు ఇంతవరకు సంపాదించినది?"

"ఒక కత్తి ఉండాది. దాన్నీ ఎప్పుడూ తీయలేదు. ఉగాది కాడ్నించి ఆడతాండా, ఉత్తరం దిక్కు ఇంకా చూడనే లేదు."

అప్పుడే కరెంటు పోయింది. సేవ్ చేయలేదని, మళ్ళీ గేటు దగ్గర నుంచే మొదలుపెట్టాలని షాహీనా చెప్పింది. నా జైలుశిక్ష కూడా రికార్డులో ఉండదా అని అడిగాను. "ఉండదు సార్, మీరు మళ్ళా మంచోరే," అంది.

అక్కడున్నవారిని విడివిడిగా విచారించాను. పందెం కాసినవారు గాని, చూసినవారు గాని లేరు. గురువారం నివేదిక సమర్పించాను. పందెం తేలాలంటే ఆట ఒకచోట ముగియాలి, ఈ ఆటకు ముగింపు లేదు, అందులోని నాణేలు బయటికి రావు, అంగడి యజమాని తీసుకునేది గంటల అద్దె మాత్రమే అని రాశాను. మా అధికారి ఒక్కటే అడిగారు: ఒక్క మధ్యాహ్నం ఆడి ముగింపు లేదని ఎలా రాశావు? ఉగాది నుంచి ఆడుతున్న నర్సింరెడ్డి వాంగ్మూలం చూపించాను. అర్జీ మూసివేశారు. అంగడి నిలిచింది.

సోమవారం ఓబుళ్‌రెడ్డి నకలు కోసం వచ్చాడు. నిలబడే చదివాడు.

"అంటే దుడ్లు పోలేదా?"

లేదన్నాను. అతని ముఖంలో ఊరట కనిపించలేదు.

"మరి ఆడ ఏముండాదని పోతాడు సార్ వాడు? ఇంట్లో నేనుండా, పెండ్లాముండాది. ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడడు."

నివేదికలో లేని సంగతి అర్జీదారుతో చెప్పడం నా అలవాటు కాదు. అయినా చెప్పాను: అక్కడ వాన పడుతుంది.

అతను నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఎంతసేపు పడింది సార్?"

సుమారు పది నిమిషాలని చెప్పాను. తల ఊపి, నెట్ సెంటరు ఉన్న వైపే నడిచి వెళ్ళాడు.

అర్జీలో రాయడానికి అతనికి జూదమనే మాటే దొరికింది. నేను ఆ మాటకే జవాబు రాశాను. నివేదికలో తప్పు లేదు. కాని అతను నిజంగా అడిగినది అందులో లేదు. ఆ తరువాత, సర్వీసు ముగిసే దాకా, ప్రతి అర్జీదారు వాంగ్మూలం చివర నియమావళిలో లేని ఒక ప్రశ్న వేసేవాణ్ణి: ఇది కాక ఇంకేమైనా పోయిందా? జవాబును వారి మాటల్లోనే రాసుకునేవాణ్ణి. చాలా అర్జీల్లో విచారించవలసిన విషయం అక్కడే ఉండేది.